పచ్చగీత

పోయిన వారం భూపాల్‌ను కామారెడ్డి బస్టాండులో దింపి వదిలేశాం. చేతిలో ఫోను, ఫోనులో దేవరాజ్ పంపిన ఒకే ఒక ముక్క: "వచ్చి ఒక ఫొటో చూసి పో."

ఎల్లారెడ్డిలో ఫొటో స్టూడియో నడిపే భూపాల్‌కూ, ఏళ్ల తరబడి అతని పక్కన నిలబడి పెళ్లిళ్లు తీసిన లింగంపేట దేవరాజ్‌కూ మాటలు పడిపోయి ఒక ఎండకాలం, ఒక వానకాలం గడిచిపోయాయి. పోచారం అభయారణ్యంలో దినకూలికి కాపలా కాసే హన్మంతు, నెత్తురోడుతున్న దుప్పిని భుజాన వేసుకుని నిలబడ్డ ఫొటో ఒకటి ఊరూరా ఫోన్లలో తిరిగింది. కాపలావాడే వేటగాడన్నారు. తుపాకి దెబ్బ తిన్న దుప్పిని బతికిద్దామని ఎత్తుకొస్తున్నాననీ, కాల్చినవాళ్లెవరో చూడలేదనీ హన్మంతు మొత్తుకున్నా ఎవరూ వినలేదు. కేసయింది, జైలయింది. ఆ హన్మంతు దేవరాజ్‌కు సొంత చిన్నాన్న. పొలం గట్టు తగాదా మనసులో పెట్టుకుని దేవరాజే చాటుగా ఆ ఫొటో తీసి ఊరి మీదికి వదిలాడని, హన్మంతు భార్య సాలవ్వ గడప ముందు నిలబడి నలుగురూ వినేట్టు చెప్పింది మాత్రం భూపాల్.

ఆ రోజు నుంచీ సాలవ్వ దేవరాజ్ ముఖం చూడలేదు. దేవరాజ్ లింగంపేట విడిచి, కామారెడ్డిలో పెళ్లి ఆల్బంలు అచ్చువేసే ల్యాబులో పనికి కుదిరాడు.

ల్యాబు ఒక బట్టల దుకాణం మీద ఉంది. మెట్లెక్కుతుంటేనే వేడి ప్లాస్టిక్ వాసన, అచ్చు యంత్రం రొద. మూలన బల్ల దగ్గర దేవరాజ్ ఎవరిదో ఆల్బం అంచులు కత్తిరిస్తున్నాడు. మనిషి చిక్కిపోయాడు. గడ్డం పెంచాడు. భూపాల్ వచ్చి ఎదురుగా నిలబడ్డా కత్తి ఆపలేదు.

"రాండ్రి సార్, కూసోండ్రి. ఛాయ్ తాగుతరా? స్టూడియో ఓనర్లొస్తే మా ల్యాబుల ఛాయ్ పోస్తరు."

"దేవా, గట్ల మాట్లాడకురా."

"మరెట్ల మాట్లాడాలె? మీరే చెప్పుండ్రి. నలుగురిట్ల ఎట్ల మాట్లాడాలెనో మీకు తెల్సినంత మాకు తెల్వది గద."

భూపాల్ కుర్చీలో కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకున్నాడు. ఇద్దరూ పెరిగింది ఒకే కెమెరా బెల్టు మెడలో మార్చుకుంటూ. అలాంటివాడి నోట 'సార్' అనిపించుకోవడం కన్నా చెంపదెబ్బ నయమనిపించింది.

దేవరాజ్ కత్తి పక్కన పెట్టి, గోడకు చుట్టి నిలబెట్టిన కాగితాన్ని తీసుకొచ్చి బల్ల మీద పరిచాడు. నాలుగు మూలలా నాలుగు ఆల్బంలు బరువు పెట్టాడు.

"పొద్దుగాల వకీలు తెచ్చిండు. రేపు మా చిన్నబాపు బెయిలు మీద వాదన. కేసుల పెట్టిన అసలు ఫొటో ఇదే. జడ్జికి సూపెట్టెటందుకు పెద్దగ కొట్టియ్యమన్నడు. బెయిలు రాకుంటే ఇగ ఇప్పట్ల బయటికి రాడంట. లోపట దగ్గుతున్నడంట, అన్నం సయిస్తలేదంట. సూడు."

భూపాల్ చూశాడు. ఫోనులో అరచేతి మేర మాత్రమే చూసిన ఫొటో ఇప్పుడు బల్లంతా పరుచుకుని ఉంది. చెరువు కట్ట, పచ్చటి తుంగ, మధ్యలో హన్మంతు. చొక్కా నిండా నెత్తురు. భుజం మీద దుప్పి తల వేలాడుతోంది. హన్మంతు కళ్లు ఎటో దూరంగా, ఎవరినో సాయానికి పిలవబోతున్నట్టు ఉన్నాయి. ఫోనులో చూసినప్పుడు అవి దొంగచూపులన్నారు అందరూ. భూపాల్ కూడా అన్నాడు.

"ఏం కనబడుతుంది?"

"హన్మంతు కాక... దుప్పి..."

"నువ్వు ఫొటోగ్రాఫర్‌వా, పోలీసోనివా? మనిషిని సూడకు. ఫొటోను సూడు."

దేవరాజ్ వేలు కాగితం మీద అడ్డంగా జరిగింది. తుంగ మీదుగా, హన్మంతు తల పైనుంచి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, పచ్చటి దారం ఒకటి పరిచినట్టుంది. ఆకుపచ్చ తుంగలో ఆకుపచ్చ గీత. తెలిసినవాడు చూస్తే తప్ప కనిపించదు.

భూపాల్‌కు తెలుసు. ఆ గీతను అతను కొన్ని వేలసార్లు చూశాడు. చూసిన ప్రతిసారీ కంప్యూటర్ ముందు కూర్చుని చెరిపాడు.



"నాదే," అన్నాడు. "నా కెమెరా."

* * *

ఆ కెమెరా కోసం ఇద్దరూ ఎదురుచూసిన తీరు తలుచుకుంటే ఇప్పుడు భూపాల్‌కు సిగ్గేసింది. కానుపుకు ముందు ఇంట్లో ఎలా ఉంటుందో అలా గడిచాయి ఆ నెలలు. మిర్రర్‌లెస్ కెమెరా. కొత్త మోడల్. లెన్సులు మార్చుకోవచ్చు, లోపల అద్దం ఉండదు, చప్పుడు ఉండదు. కామారెడ్డి దుకాణంవాడు ఈ వారం అంటాడు, వచ్చే వారం అంటాడు. ఈలోగా భూపాల్ ఫోనులో దాని వీడియోలు చూడని పూట లేదు.

"చీకట్లగూడ మనిషి కన్ను ఎతికి పట్టుకుంటదట దేవా. మనం ఫోకస్ పెట్టుడే లేదు. ఎంత కోసినా ఫొటో పగలదట. నఖమంత ముక్క కోసి గోడకు పెట్టుకోవచ్చు."

దేవరాజ్‌కు ఆశ లేక కాదు, భయాలు ఎక్కువ. మన పాత లెన్సులకు మధ్యలో రింగు ఎక్కించాలి, అది సరిగ్గా పట్టుకుంటదో లేదో అనేవాడు. బ్యాటరీ చంటిపిల్ల లెక్క గంటగంటకు పాలడుగుతదంట, తలంబ్రాల కాడ చచ్చిపోతే పెళ్లోళ్లు మనల్నే తలంబ్రాలు చేస్తరు అనేవాడు. భూపాల్ పడిపడి నవ్వేవాడు. ఒక భయాన్ని మాత్రం దేవరాజ్ నవ్వుతూ చెప్పలేదు.

"పాత కెమెరాకు అద్దం రెప్ప అసుంటిదిరా. ఫొటో తీసినప్పుడే లేస్తది. దీనికి రెప్ప లేదు. కన్ను ఎప్పుడూ తెరుసుకునే ఉంటది. బరాత్‌లల్ల లేజర్ లైట్లు కొడుతున్నరు ఇప్పుడు. నిలబడి సూసుకుంటుంటే సూటిగ కంట్లెనే పడుతది."

"నువ్వు ముసలవ్వ అయినవురా," అన్నాడు భూపాల్.

కెమెరా వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. కొన్నాళ్లకే బీర్కూర్‌లో ఒక పెళ్లి ఊరేగింపు, బరాత్ పడింది. డీజే బండి మీద నుంచి పచ్చటి లేజర్ గీతలు జనం మీద ఈదులాడుతున్నాయి. కెమెరా దేవరాజ్ చేతిలో ఉంది. వద్దు, ఎనక్కుంటా అన్నాడు. "పెళ్లికొడుకు ఎగురుతున్నడు, ముంగటికి పోరా బై!" అని వీపు మీద చెయ్యి వేసి తోసింది భూపాలే.

అంతే. తరువాత తీసిన ప్రతి ఫొటోలోనూ పైభాగాన, అంచు నుంచి అంచుకు, వెంట్రుకంత పచ్చగీత. కెమెరా కన్ను కాలిపోయింది. రిపేరంటే దాదాపు కొత్తది కొన్నట్టే. తోసిన చెయ్యి ఎవరిదో భూపాల్‌కు తెలుసు. తెలుసు కాబట్టే గొంతు పెంచాడు. "చేతకాకుంటే పట్టుకోవద్దు" అని, ఆ రోజు నుంచీ కెమెరాను దేవరాజ్ చేతికి ఇవ్వడం మానేశాడు. దేవరాజ్ మారు మాట్లాడకుండా తన పాత కెమెరా పెట్టె దులుపుకున్నాడు.

ఆ మౌనాన్ని భూపాల్ పొగరనుకున్నాడు.

* * *

"నా చేతికి నువ్వు కెమెరా ఎప్పటికెల్లి ఇయ్యలె?" దేవరాజ్ అడుగుతున్నాడు.

"బీర్కూర్ బరాత్ కాడికెల్లి."

"గీత ఎప్పుడు పడ్డది?"

"గా బరాత్‌లనే."

"మరి గీత ఉన్న ఫొటో నేనెట్ల తీస్తరా?"

'రా' అన్న ఒక్క అక్షరం పాత చనువుతో జారిపడింది. దేవరాజ్ వెంటనే పెదవి బిగించాడు.

"గప్పుడే సూస్తే ఐపోయేది," అన్నాడు భూపాల్ నేల చూస్తూ. "ఒక్కసారి పెద్దగ చేసి సూస్తే..."

"సూడవు. నీకు సూసే పని లేకుండె. అనే పని ఉండె." దేవరాజ్ గొంతులో కోపం లేదు, అదే భూపాల్‌ను ఎక్కువ కోసింది. "ఈస్టర్‌కు చిన్నమ్మ ఇంటికి పోయిన. గడప కాడ్నే నిలవెట్టింది. చిన్నప్పుడు ఒక పళ్లెంలనే తినవెట్టిన చెయ్యి అది. పొయ్యి మీది నీళ్లు తెచ్చి నా కాళ్ల ముంగట గుమ్మరిచ్చింది. వేడి తగలలె. నీళ్ల కన్న ముంగట నీ మాట తగిలి ఉండె."

అచ్చు యంత్రం ఇంకో పేజీని కక్కింది. ఎవరో పెళ్లికూతురు అందులోంచి నవ్వుతోంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని తీయలేదు.

"ఎవరు చెప్పిండ్రు నీకు, నేనే తీసిన అని?"

"మిల్లు ఓనరు పర్శరాములు. ఫొటో నాకు మొదలు సూపెట్టింది ఆయననే. పోచారంల కెమెరా పట్టుకొని పిట్టల ఎంబడి తిరిగెటోడు మీ దేవరాజ్ గాక ఎవలుంటరు బిడ్డా అన్నడు. నాకు... గప్పుడు నీ మీద మంటగ ఉండె. నమ్మబుద్ధయింది."

నమ్మబుద్ధయింది. అంతకన్నా నిజమైన మాట భూపాల్ ఈ ఏడాదిలో మాట్లాడలేదు.

దేవరాజ్ కాగితం మీదికి వంగాడు. "ఇంకోటి సూడు. నీ ఫొటోలల్ల గీత ఎంత ఉంటది?"

"వెంట్రుకంత."

"మరి ఇందుల?"

దారమంత ఉంది. కాదు, పెన్సిలంత.

భూపాల్ మనసు ఒక్కసారిగా వృత్తిలోకి దూకింది. గీత లావైందంటే ఫొటోను సాగదీశారు. సాగదీశారంటే ఇది పూర్తి ఫొటో కాదు. ఏదో పెద్ద ఫొటోలోంచి కోసుకున్న చిన్న ముక్క. నఖమంత ముక్క కోసి గోడకు పెట్టుకోవచ్చని ఎగిరింది తనే.

"దేన్లకెల్లి కోసిండ్రు?" అన్నాడు.

దేవరాజ్ కింది మూల మీద పెట్టిన ఆల్బం ఎత్తాడు. కాగితం మూలలో, తుంగ మొదట్లో, నారింజ రంగు మసక ఒకటి పొగలా లేచి ఉంది. ఫోనులో అందరూ దాన్ని పొద్దుగూకే వెలుగనుకున్నారు.

భూపాల్‌కు అది వెలుగు కాదని తెలుసు. అది గుడ్డ. ప్రీవెడ్డింగ్ ఫొటోల కోసం పెళ్లికూతుళ్లకు తొడిగే బారు తోక గౌను. ఎల్లారెడ్డి స్టూడియోలో తన బీరువాలో వేలాడుతున్న నారింజ గౌను. దాని తోకను రెండు చేతులా పట్టి గాలిలోకి విసిరి, పరుగెత్తుకొచ్చి కెమెరా అందుకుని టపటపా కొట్టింది తనే. పోచారం కట్ట కింద. పర్శరాములు కొడుకు ఆకాశ్, వాడికి కాబోయే భార్య నవత ముందర నిలబడి ఉండగా.

భూపాల్ ఇప్పుడు కూర్చున్నాడు. కుర్చీ ఉందో లేదో కూడా చూసుకోలేదు.

"ఆ దినం ఒకటి రెండు ఫొటోలల్ల పిల్ల పిలగాడు మసకొచ్చిండ్రు," అన్నాడు మెల్లగా. "ఫోకస్ ఎటో పోయింది. కొత్త కెమెరా గిట్లెందుకు చేస్తుంది అని తిట్టుకొని పక్కకేసిన. ఎనుక ఏమున్నదో సూడలె."

"కన్ను ఎతికి పట్టుకుంటదంటివి గద," అన్నాడు దేవరాజ్. "పట్టుకున్నది. నువ్వు సూపెట్టిన కండ్లు గాదు, దానికి దొరికిన కండ్లు."

చప్పుడు లేని కెమెరా. తీసినవాడికే తెలియకుండా తీసింది. ఆ రోజంతా ఆకాశ్ పక్కన నిలబడి "తీసింది తీసినట్టే నీ ఫోన్ల పడుతది సూడు! ఎల్లారెడ్డిల ఎవనికన్న ఉన్నదా గీ సౌలతు?" అని గొప్పలు పోయాడు భూపాల్. బాగున్నవి మాత్రమే కాదు, చెడిపోయినవీ పడ్డాయి. ఆకాశ్ ఫోనులోకి, అక్కణ్నుంచి ఆ ఇంట్లో ఎవరి చేతిలోకి పోయాయో!

హన్మంతును జైలుకు పంపిన ఫొటో తీసింది భూపాల్. పంచిపెట్టిందీ ఒక రకంగా భూపాలే. ఆ పాపాన్ని పక్కవాడి నెత్తిన రుద్దిందీ భూపాలే.

"దేవా..."

"వద్దు." దేవరాజ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "మాఫీ గీఫీ నాకు చెప్పకు. చెప్పాలంటే మా చిన్నమ్మకు చెప్పు, ఆడనే, గా గడప కాడ. ముందుగాల ఇది చెప్పు. మా చిన్నబాపు ఒక్కడే ఉన్న ముక్కను ఎందుకు కోసిండ్రు? కోసి పారేసిన దాంట్ల ఏమున్నది?"

భూపాల్ తలెత్తాడు. ఆ ప్రశ్న అతనికి తట్టనే లేదు.

"మొత్తం ఫొటో ఉన్నదా నీ దగ్గర?"

"వేస్ట్ అని వేరే ఫోల్డర్ల ఏస్త అన్ని. షాపుల హార్డ్ డిస్క్‌ల ఉండాలె. మొన్న జాగ సాలుతలేదని తీసెయ్యమని సాయిలతకు చెప్పిన..."

మాట పూర్తి కాకముందే ఫోను చెవి దగ్గరుంది. దేవరాజ్ ఆ ఫోను లాక్కుని స్పీకరు పెట్టి బల్ల మీద, హన్మంతు ఫొటో పక్కన ఉంచాడు. భూపాల్ లేనప్పుడు స్టూడియో చూసుకునేది, ఆల్బంలు కూర్చేది అతని భార్య సాయిలతే.

"ఆఁ చెప్పు. అన్నం తిన్నవా?"

"సాయిలతా, ఆకాశ్ పోచారం ఫొటోలల్ల వేస్ట్‌వి తీసేసినవా?"

"లే. తీద్దామనుకున్న, తీయలె. నువ్వు చెప్పిన పనులన్ని గప్పుడే చేస్తే ఇంకేమున్నది!" నవ్వింది ఆమె. భూపాల్ కళ్లు మూసుకున్నాడు. జీవితంలో మొదటిసారి భార్య తన మాట విననందుకు దేవుడికి దండం పెట్టుకున్నాడు.

"జల్ది తెరువు. గౌను గాలిల ఉన్నది, మనుషులు మసక ఉన్నది సూడు."

మౌసు చప్పుడు. ఫ్యాను గాలి. బయట రోడ్డు మీద ఏదో ఆటో.

"ఆఁ, ఉన్నది. నారింజ గౌను... పిల్ల పిలగాడు అసలే కనబడుతలేరు. ఎనుక కట్ట మీద... అయ్యో! గిది హన్మంతు కాక గాదా? గా ఫొటోనే గద ఇది! మన దగ్గర ఎట్లున్నది?"

 దేవరాజే అందుకున్నాడు. "వదినా, నేను దేవరాజ్. ఎడమ దిక్కు జరుగు. పెద్దగ చెయ్యి. ఏమున్నది?"

అవతల మౌసు చప్పుడు ఆగింది. ఇన్నాళ్లకు ఆ గొంతు విన్నందుకో, తెర మీద కనిపించిన దానికో.

"బాగున్నవా దేవన్నా..." అంది సాయిలత. మళ్లీ మౌసు చప్పుడు. "తుమ్మచెట్లున్నయి. చెట్ల నడుమ తెల్ల జీపు. ఇద్దరు ముగ్గురున్నరు. ఒకాయన బానెట్‌కు ఒరిగి నిలవడ్డడు. చేతుల... తుపాకి, తుపాకే అది. హన్మంతు కాక దిక్కు ఏలు సూపెడుతున్నడు. ఉండు, మొఖం పెద్దగ చేస్త... ఏమయ్యో! ఈన..."

ఆగిపోయింది.

"ఎవలు? సాయిలతా, ఎవలది?"

"సరే వదినా," అంది సాయిలత. గొంతు మారిపోయింది, పైపైన తేలికగా, లోపల బిగుసుకుని. "జాకెట్ కొలతలు రేపు పంపుత. గిరాకి వచ్చింది, ఉంట మరి."

వదిన? మొగుణ్ని పట్టుకుని వదిన అంటోంది. భూపాల్, దేవరాజ్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె ఫోను పెట్టెయ్యలేదు. ఎక్కడో బోర్లా పెట్టినట్టుంది. మాటలు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు వినిపిస్తున్నాయి.

"రాండ్రి మామా, కూసోండ్రి. నీళ్లియ్యనా?"

"నీళ్లెందుకు బిడ్డా. మా ఆకాశ్ ఫొటోలు అన్ని ఒక్క తాన పెట్టుకుందామని వచ్చిన. మంచియి చెడ్డయి అన్ని. గా డబ్బనే ఇయ్యి, ఏమంటరు దాన్ని, హార్డ్ డిస్క్."

"ఆయన ఊర్ల లేడు మామా. వచ్చినంక ఇస్తడు."

"ఆయనెందుకు? నువ్వున్నవు గద."

ఆ గొంతును భూపాల్ ఎక్కడ విన్నా పోల్చుకుంటాడు. పోచారంలో కెమెరా పట్టుకు తిరిగేది మీ దేవరాజ్ గాక ఎవరుంటారు బిడ్డా అన్న గొంతు అది.

కుర్చీ జరిగిన చప్పుడు. తరువాత గరగరమంటూ దుకాణం షట్టర్ కిందికి దిగిన మోత. పట్టపగలు, గిరాకీ వేళ.

భూపాల్ లేవబోయి బల్లకు గుద్దుకున్నాడు. దేవరాజ్ అప్పటికే మేకుకు వేలాడుతున్న బైకు తాళం అందుకున్నాడు. హన్మంతు ఫొటోను చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"నడువు. నీ కోసం వస్తలేను, యాది పెట్టుకో. వదిన కోసం, మా చిన్నబాపు కోసం వస్తున్న."

భూపాల్ ఫోను కోసం చెయ్యి చాచాడు. అప్పుడే అందులోంచి గొంతు దగ్గరగా, స్పష్టంగా, తీరిగ్గా పలికింది. అవతల ఎవరో బోర్లా పడి ఉన్న ఫోనును తిప్పి ఎత్తుకున్నారు.

"భూపాల్, కామారెడ్డిల ఉన్నవట గద? పక్కకు దేవరాజ్ గూడ ఉండొచ్చు. మంచిదే, ఇద్దరు కలిసి రాండ్రి. పైలం బిడ్డా, బండి మెల్లగ నడుపుండ్రి. తొందరేం లేదు. మీ ఆమె, నేను ఈడనే కూసోని ఉంటం."